గమ్యం: ప్రజాభీష్టం

మా ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు చిదంబరేశ్వరరావు గారు గ్రీసు దేశం వెళ్లొచ్చేదాకా మా బస్సులు ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లేవి. ఆలస్యంగా వెళ్లేవి, దారిలో ఆగిపోయేవి, వానొస్తే లోపల కూడా గొడుగు వేసుకోవలసి వచ్చేది, అదంతా వేరే సంగతి. బోర్డు మీద ఏ ఊరి పేరుంటే ఆ ఊరికే చేరేవి. అది ఎంత పెద్ద నేరమో అప్పటికి మాకెవరికీ తెలీదు.

నా పేరు సత్యవేణి. డెల్టా ప్రయాణ సంస్థలో కండక్టర్ని. నాకు నోరెక్కువని డిపోలో అంటారు. అరవై మంది ఎక్కిన బస్సులో తక్కువ నోటితో టికెట్లు ఎలా కొడతారో అనేవాళ్లే వచ్చి ఓ ట్రిప్పు చూపించాలి.

డైరెక్టరు గారిని సంస్థ పంపింది టైర్ల అరుగుదల మీద అధ్యయనం చేసి రమ్మని. ఆయన అక్కడ ఒక కొండెక్కారు. గైడు ఒక బండ చూపించి, ప్రజాస్వామ్యం ఇక్కడే పుట్టిందన్నాడట. అంతే, టైర్లు ఆయన బుర్రలోంచి దొర్లిపోయాయి. తిరిగి వస్తూనే డిపోలో అందరినీ ఎండలో నిలబెట్టి సమావేశం పెట్టారు.

"సహోద్యోగులారా! కాదు, సహపౌరులారా! ఈ బస్సు ఎవరిది?" అని అడిగారు.

"ఇదైతే నాదండి. ఆ పక్కది అప్పన్నదండి," అన్నాడు మా డ్రైవరు నూకరాజు.

"ప్రజలది! డెమోస్ అంటే ప్రజలు. క్రాటోస్ అంటే అధికారం. ఈ రెండూ కలిపితే?"

"కలిపితే ఏటవుద్దండి?" అన్నాడు నూకరాజు, నిజంగానే తెలుసుకోవాలని.

"ప్రజాస్వామ్యం అవుతుందయ్యా! రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్సు నగరంలో జనం కొండ మీద చేరి, చేతులెత్తి, యుద్ధం చేయాలా సంధి చేసుకోవాలా అని తామే తేల్చుకునేవారు. మరి మన ప్రయాణికుడి దుస్థితి ఏమిటి? టికెట్టు కొని మూగవాడిలా కూర్చుంటాడు. డ్రైవరు ఎటు తిప్పితే అటు పోతాడు. ఇది రాచరికం కాదా? నీ పేరేమిటి?"

"నూకరాజండి."

డైరెక్టరు గారు ఏదో రుజువు దొరికినట్టు తల పంకించారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట బస్సుకు ముందుగా నిర్ణయించిన మార్గం ఉండరాదు. ప్రతి కూడలిలోనూ బస్సును నిలిపి, ప్రయాణికుల అభీష్టాన్ని చేతులెత్తే పద్ధతిలో సేకరించి, మెజారిటీ నిర్ణయించిన దిశలో ముందుకు సాగవలెను. బోర్డుల మీది ఊళ్ల పేర్లు చెరిపించి, అన్ని బస్సులకూ ఒకటే రాయించారు: "గమ్యం: ప్రజాభీష్టం." నాకు కొత్త హోదా కూడా ఇచ్చారు. నేనిక కండక్టర్ని కాదు, సంచార ఎన్నికల అధికారిణిని. జీతం మాత్రం పాతదే.

మొదటి రోజు మూడు రోడ్ల సెంటర్లో బస్సాపించాను. కుడికి తిరిగితే లంకల రోడ్డు, ఎడమకు తిరిగితే మార్కెట్ యార్డు.

"లంకల రోడ్డుకి ఎల్దామనేవాళ్లు చేతులెత్తండి!" అని అరిచాను. మంచి మెజారిటీ వచ్చింది. పద్ధతి ప్రకారం రెండోది కూడా అడగాలి కదా అని, "యార్డుకి ఎల్దామనేవాళ్లు!" అన్నాను. దానికీ మెజారిటీ వచ్చింది. ఇదేం విడ్డూరమని మళ్లీ లెక్కపెడితే అప్పుడర్థమైంది. నిలబడ్డవాళ్లందరూ పైన రాడ్డు పట్టుకుని వేలాడుతున్నారు. వాళ్ల చేతులు ఎప్పుడూ పైనే ఉంటాయి. వాళ్లను ఏమడిగినా ఔననే అంటారు.

రెండిటికీ మెజారిటీ వస్తే ఏం చేయాలని డిపోకి ఫోన్ చేస్తే, ప్రజలు రెండూ కోరుతున్నారు కాబట్టి రెండూ చేయండన్నారు. చేశాం. యార్డుకి వెళ్లి, వెనక్కి వచ్చి, లంకల రోడ్డెక్కి, తర్వాతి కూడలిలో మళ్లీ రెండిటికీ మెజారిటీ తెచ్చుకుని, పొద్దున బయల్దేరిన పెళ్లివాళ్లను దీపాలు పెట్టే వేళకు దింపాం. పెళ్లికూతురి మేనమామ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అచ్చు వేయరు.

డైరెక్టరు గారు మాత్రం పొంగిపోయారు. "ప్రజల చేతులు సదా పైకే ఉన్నాయంటే, అమ్మా, అది చైతన్యం!" అన్నారు. అయినా చిన్న సవరణ చేశారు. నిలబడ్డవాళ్లు ఔనంటే రెండు చేతులూ ఎత్తాలి. బానే ఉందనుకున్నాం. రెండో రోజు కూడలికి ఇంకా కొంచెం దూరముండగానే జనం ఉత్సాహంగా రెండు చేతులూ ఎత్తేశారు. సరిగ్గా అప్పుడే గేదె అడ్డొచ్చి నూకరాజు బ్రేకు తొక్కాడు. మెజారిటీ అంతా వెళ్లి మైనారిటీ ఒళ్లో పడింది. ఒక మాస్టారి పళ్ల సెట్టు ఇంకెవరి సంచిలోనో దొరికింది.

అప్పుడు డైరెక్టరు గారు గదిలో తలుపేసుకుని లావుపాటి పుస్తకాలు చదివారు. బయటికొచ్చి, "తప్పు మనదే. మనం మూలాల్లోకి పూర్తిగా వెళ్లలేదు," అన్నారు. మళ్లీ సమావేశం, మళ్లీ ఎండ.

"ఏథెన్సులో అందరికీ ఓటు లేదు. అక్కడ పౌరుడు వేరు, జనం వేరు. ఆసనం లేని వ్యక్తికి బస్సులో స్థిరాస్తి లేదు కాబట్టి ఓటు లేదు. మధ్యలో ఎక్కినవారు విదేశీయులు. డ్రైవరు, కండక్టరు సేవకవర్గం. స్త్రీలకు మూలంలోనే లేదు."

నాకు ఒళ్లు మండింది. "టికెట్టు కొట్టేటప్పుడు ఆడా మగా తేడా లేదు కదండీ?" అన్నాను.

"పన్ను వేరు, పౌరసత్వం వేరమ్మా."

"అంటే బస్సు నడిపేది మేము, ఎక్కేది వాళ్లు, ఎటెళ్లాలో సెప్పేది ఇంకెవరో!" అన్నాడు నూకరాజు.

"అదే కదయ్యా ప్రజాస్వామ్యం!" అన్నారు డైరెక్టరు గారు, శిష్యుడు చప్పున అందుకున్నందుకు మురిసిపోతూ.

ఈ లెక్కన వడపోసి చూస్తే మా బస్సులో మిగిలిన పౌరులు ఏడుగురు. పుల్లేశ్వర్రావు, ఆయన పేకాట జట్టు. వీళ్లు రోజూ డిపోలోనే ఎక్కి వెనక సీట్లో కూర్చుని పేక పరుస్తారు. ఇంటి దగ్గర ఆడితే పెళ్లాలు ఊరుకోరు, రోడ్డు మీద ఆడితే పోలీసులు ఊరుకోరు. కదిలే బస్సులో గాలీ ఉంటుంది, గొడవా ఉండదు. ఎక్కడికని అడిగితే, "ఎందాకా ఎల్తే అందాకా కొట్టమ్మా," అంటాడు పుల్లేశు. బస్సులో అందరికీ ఏదో ఒక చోటికి పనుంది, ఈ ఏడుగురికి తప్ప. కాబట్టి బస్సు ఎక్కడికి వెళ్లాలో ఈ ఏడుగురే చెప్పాలి. డైరెక్టరు గారికి వీళ్లను చూస్తే కళ్లు చెమర్చేవి. "తీరిక! ఏథెన్సు పౌరుడి లక్షణం తీరికే!" అనేవారు.

అప్పటికే సగం జనం షేరాటోలకు మళ్లిపోయారు. ఆటోవాళ్లు డైరెక్టరు గారి ఫోటో లామినేషన్ చేయించి, వినాయకుడి బొమ్మ పక్కన అంటించుకుని, రోజూ అగరొత్తులు వెలిగించేవారు. లంకలకు వెళ్లేవాళ్లకు మాత్రం మేమే దిక్కు. గట్టు రోడ్డు గతుకుల్లోకి ఆటోలు రావు.

ఇది చాలదన్నట్టు పెంకులొచ్చాయి. ఏథెన్సులో ఎవడైనా మితిమీరి పెరిగిపోతున్నాడనిపిస్తే పౌరులు కుండ పెంకుల మీద వాడి పేరు గీకేవారట. ఎక్కువ పెంకులు ఎవడి మీద పడితే వాణ్ని పదేళ్లు ఊరి నుంచి వెలివేసేవారు. మా దగ్గర పదేళ్లను పది ట్రిప్పులు చేశారు. బస్సుకో బుట్టెడు పెంకులివ్వాలని ఆర్డరేశారు. స్టోర్సువాళ్లు పెంకులు కొనేది లేదన్నారు. పగిలిన సరుకు తీసుకోకూడదని వాళ్ల రూలు. అందుకని నిక్షేపంలాంటి కుండలు తెప్పించి, ఒక్కోదాన్ని కొట్టి, చప్పుడు విని, బీట లేదని సంతకం పెట్టి లోపలికి తీసుకున్నారు. చిన్న బీట ఉన్నదాన్ని వెనక్కి పంపించారు. ఆ తర్వాత విచ్ఛిన్న సంఘమని ఒకటి వేసి, సంఘం ఎదుట కుండలన్నీ పగలగొట్టారు. లారీ దింపేటప్పుడు ఒక కుండ తనంతట తనే పగిలిందట. అనుమతి లేకుండా ఎలా పగిలిందో సంజాయిషీ ఇమ్మని హమాలీకి మెమో ఇచ్చారు.

ఇలా ప్రజాస్వామ్యం మంచి ఊపు మీదుండగా పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా బస్సువి కావు, ఊళ్లవి.

పోలింగు రోజు పొద్దున డిపోలో అచ్చాయమ్మ మామ్మ ఎక్కింది. పాటిలంక మనిషి, నా బస్సుకు పాత బేరం. కళ్లకు నల్లద్దాలు, చంకలో గుడ్డసంచి.

"ఏంటి మామ్మా, సినిమా యాక్టరులా ఉన్నావ్?" అన్నాను.

"కంటికి ఆపరేషనమ్మా. నిన్ననే కట్టిప్పారు. ఇదిగో, నీ ముక్కుపుడక కూడా అవపడతంది. ఒంటిగంట లోపల నన్ను ఊళ్లో పడెయ్యి తల్లీ, ఓటెయ్యాలి."

"ఇంకెవరైనా వేస్తారులే మామ్మా, కళ్లు జాగ్రత్త."

మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీకు తెల్దమ్మా. పోయిన ఎలక్షన్లో గంగరాజు గుర్తు కత్తెర, బుల్లబ్బాయి గుర్తు ఉంగరం. నాకేమో చూపు మసక. గుండ్రంగా అవపడితే కత్తెర పిడి అనుకుని గుద్దేశాను. అది ఉంగరం! బుల్లబ్బాయి గెలిచాడు. ఎంతతో? ఒక్క ఓటుతో! మురుక్కాలవ తవ్విత్తానని గంగరాజు అన్నాడు, బుల్లబ్బాయి ఆ మాటే ఎత్తలేదు. అయిదేళ్లుగా ఊరు ఊరంతా మోకాలి లోతు బురదలో నడుత్తంది. ఎవరు జారిపడ్డా నాకు గుండెల్లో గుచ్చుకుంటాది. మా ఈధిలో కడుపుతో ఉన్న పిల్ల ఆ బురదలో పడి చెయ్యిరగ్గొట్టుకుంది. అదంతా నా యేలు చేసిన పనే కదమ్మా? ఈ కళ్లు చేయించుకుందే ఇయ్యాల్టి కోసం. మళ్లీ అదే కత్తెర, అదే ఉంగరం."

నేను టైము చూసుకున్నాను. పాటిలంక మామూలుగా గంటన్నర దారి. ప్రజాస్వామ్యంలో ఎంత దారో ఎవరికెరుక?

పైగా ఆ రోజు డైరెక్టరు గారు స్వయంగా పరిశీలకుడిగా ఎక్కారు. ఊరంతా ఎన్నికలు జరిగే రోజున అసలైన ప్రజాస్వామ్యం ఎక్కడుందో దేశానికి చూపించాలని ఆయన పట్టుదల.

మూడు రోడ్ల సెంటర్లో బస్సాపి, "పౌరులు మాత్రమే!" అని అరిచాను. వెనక సీట్లో ఏడు తలలు లేచాయి.

"ఎండగా ఉంది. ఏటిగట్టుకి ఎల్దాం, గాలొత్తాది," అన్నాడు పుల్లేశు. ఏడు చేతులు లేచాయి.

బస్సు ఏటిగట్టుకి వెళ్లి రావిచెట్టు నీడన ఆగింది. పేక పంచారు. మిగతా జనం తలలు పట్టుకున్నారు. మామ్మ సీట్లోంచి లేచి డైరెక్టరు గారి దగ్గరకెళ్లింది.

"అయ్యా, తమరు పెద్దోరు. నేను ఓటుకెళ్లాలి. బస్సు కదపమని సెప్పండి."

"మాతృమూర్తీ, ఓటు హక్కు పవిత్రమైనది," అన్నారాయన లేచి నిలబడి. "కానీ ఈ బస్సులో తమకు అది లేదు."

"ఊళ్లో ఉందండి!"

"ఊళ్లో ఉన్నది ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం. పలచబడిన మజ్జిగ లాంటిది. ఇక్కడున్నది ప్రత్యక్ష ప్రజాస్వామ్యం, గడ్డ పెరుగు."

"గడ్డ పెరుగు పుల్లేశు గారి ఒక్క విస్తట్లోనే పడిందండి, మాకేదీ?" అన్నాను ఉండబట్టలేక.

దానికి సమాధానంగా డైరెక్టరు గారు బస్సు మధ్యలో నిలబడి ఉపన్యాసం మొదలెట్టారు. ఏథెన్సు కొండ ఎత్తెంతో చెప్పారు. రాజులు ఎలా పోయారో, నియంతలు ఎలా వచ్చారో, వాళ్లను జనం ఎలా తరిమారో చెప్పారు. గొంతు ఖంగుమంటోంది. ఆ గొంతుకు వెనక సీట్లో ఆట చెడింది. ఒకతను పారేయకూడని ముక్క పారేశాడు. పుల్లేశు రెండుసార్లు దగ్గాడు. ఇంకొకతను, "సార్, కాత్త మెల్లిగా," అన్నాడు. డైరెక్టరు గారు ఇంకా పెద్దగా అందుకున్నారు.

"అమ్మాయ్," అని పుల్లేశు నన్ను పిలిచాడు. "ఆ పెంకుల బుట్ట ఇటు తే."

నేను ఆ బుట్ట మోసినంత సంతోషంగా నా జన్మలో ఏదీ మోయలేదు. ఏడుగురూ తలా ఒక పెంకు తీసుకుని గీకడం మొదలెట్టారు. "పేరు శానా పొడుగమ్మా, సగం గీకితే సెల్లుద్దా?" అని ఒకతను అడిగాడు. చెల్లుతుందన్నాను. ఎన్నికల అధికారిణిని కదా, ఆ మాత్రం అధికారం నాకుంది. బుట్ట బోర్లించి లెక్కపెట్టాను. ఏడుకి ఏడూ ఆయనవే.

డైరెక్టరు గారు ఒక పెంకు చేతిలోకి తీసుకుని తన పేరు చదువుకున్నారు. ముందు ముఖం పాలిపోయింది. ఆ తర్వాత, మీరు నమ్మరు, వెలిగిపోయింది. "పనిచేస్తోంది!" అన్నారు. "అధికారిని సైతం వెలివేసింది! నూకరాజూ, చూశావా? పనిచేస్తోంది!"

"చూశానండి. ముందు మెట్టు కాత్త ఎత్తుగా ఉందండి, జాగర్తగా దిగండి," అన్నాడు నూకరాజు.

ఆయన పెంకు జేబులో పెట్టుకుని గట్టు మీద దిగిపోయారు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని మా వైపు చెయ్యూపారు. పిచ్చి మారాజు. ఆ క్షణంలో మాత్రం నాకాయన మీద కోపం రాలేదు.

ఆయన దిగినా బస్సు కదలాలంటే ఏడు చేతులు లేవాలి కదా. ఏడుగురికీ ఇప్పుడు హాయిగా ఉంది. ఆట రంజుగా సాగుతోంది. మామ్మ వెనక సీటు దాకా వెళ్లి నిలబడింది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు.

"పుల్లేశు బాబూ, మధ్యాన్నం బోయినాలెక్కడ?" అంది మెల్లగా.

పుల్లేశు పేకముక్కల్లోంచి తలెత్తాడు. "ఏవుందీ, సెంటర్లో బజ్జీలే."

"అయ్యో నా తండ్రే! మా ఇంటికాడ కొర్రమీను పులుసు. నా చేతి పులుసు కోసం పక్క లంకల నించి పడవేసుకుని వత్తారు."

ఏడుగురూ పేక కింద పెట్టారు.

"పచ్చిమామిడి ముక్కలేత్తావా?" అన్నాడొకతను.

"ఎయ్యకపోతే అది పులుసెలాగవుద్దయ్యా?"

"గారెలు?"

"వేడేడిగా."

"ఆకులో పైన నెయ్యి?"

"ధారగా."

ఏడు చేతులు లేచాయి. ఒకతను రెండో చెయ్యి కూడా ఎత్తాడు. బస్సు గట్టు దిగి లంకల రోడ్డెక్కింది. నేను మామ్మ పక్కన కూలబడ్డాను.

"ఇంట్లో కొర్రమీను ఉందా మామ్మా?"

"వారం రోజులుగా టౌన్లో ఉన్నాను. పొయ్యే ఎలిగించలేదు, సేపెక్కడిదమ్మా?"

"అమ్మ నీ! అబద్ధమాడావా?"

"అబద్ధం కాదమ్మా," అంది మామ్మ నల్లద్దాలు సర్దుకుంటూ. "హామీ."

ఇక అక్కణ్నించి ప్రతి కూడలిలోనూ, "పులుసు కావాలనేవాళ్లు!" అని అరవడం, చేతులు లేవడం, నూకరాజు స్టీరింగు తిప్పడం. మామ్మ మాత్రం ప్రతి గతుక్కీ నన్ను టైమడిగేది. పాటిలంక బడి ముందు బస్సాగేసరికి పోలీసాయన గేటు మూయబోతున్నాడు. నేను మామ్మ చెయ్యి పట్టుకుని పరిగెత్తాను. పరిగెడుతూ అరిచాను. నా నోరు పెద్దదని చెప్పాను కదా, అది ఆ రోజు అక్కరకొచ్చింది. పోలీసాయన ఉలిక్కిపడి గేటు వదిలేశాడు.

లోపల ఒకాయన పేరడిగాడు. ఒకావిడ వేలికి సిరా రాసింది. ఇంకొకాయన కాగితం, ముద్ర చేతికిచ్చి అట్ట వెనక్కి వెళ్లమన్నాడు. ఎవరూ ఏథెన్సు మాటెత్తలేదు. ఆడా మగా అడగలేదు, ఎక్కడ ఎక్కావని అడగలేదు. మామ్మ అట్ట వెనక చాలాసేపుంది. బయటికొచ్చి కాగితం పెట్టెలో వేసి, నా దగ్గరకొచ్చి నల్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండూ సుబ్బరంగా అవపడ్డాయమ్మా," అంది. "కత్తెర కత్తెరలాగే ఉంది."

సరే, పని అయిపోయింది. ఇక ఏడుగురు పౌరులు మామ్మ ఇంటి వైపు చూస్తున్నారు. ఇప్పుడీవిడ ఏం చెప్పి తప్పించుకుంటుందా అని నేను చూస్తున్నాను. మామ్మ తప్పించుకోలేదు. రేవులో వలలవాళ్ల దగ్గరకెళ్లి, నిన్ననే కంటికట్టు విప్పిన సంగతి చెప్పి, బుజ్జగించి, గదమాయించి, రెండు కొర్రమీన్లు పట్టుకొచ్చింది. పక్కింటి చెట్టు మామిడికాయలు కోయించింది. ఎదురింటావిడ చేత గారెల పిండి రుబ్బించింది. బస్సులో జనం సగం మంది అక్కడే ఆగిపోయారు. నేనూ నూకరాజూ కూడా ఆగాం. పులుసు గురించి నేను చెప్పను, నోరూరితే రాయడం కష్టం.

మేం చేతులు కడుక్కుంటుండగా బడి దగ్గర డప్పులు మోగాయి. కత్తెర గెలిచింది. గంగరాజు ఒక్క ఓటుతో సర్పంచయ్యాడు.

"నా ఓటే!" అని మామ్మ గరిటె పట్టుకుని వీధిలోకొచ్చేసింది. "నా ఓటే!" అని ఎదురింటావిడ అరిచింది. కత్తెరకు గుద్దిన ప్రతివాళ్లూ అది తమ ఓటేనని గంతులేశారు. ఎవరూ ఎవరితోనూ వాదించలేదు.

తిరుగు ట్రిప్పులో చూస్తే డైరెక్టరు గారు గట్టు మీద నడిచి వస్తున్నారు. ఎక్కమంటే ఎక్కలేదు. "పది ట్రిప్పులమ్మా. నియమం నియమమే," అని సాయంత్రపు ఎండలో అలాగే నడిచారు. ప్రయాణికులే దింపేసిన అధికారిని ప్రయాణ సంస్థలో ఉంచడం బాగోదని పైవాళ్లు ఆయన్ని సర్పంచుల శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. మా బోర్డుల మీదికి ఊళ్ల పేర్లు తిరిగొచ్చాయి. నేను మళ్లీ కండక్టర్నయ్యాను. పుల్లేశు జట్టు మాత్రం వెనక సీట్లో అలాగే ఉంది.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పాటిలంక స్టాపులో అచ్చాయమ్మ మామ్మ ఎక్కింది. నల్లద్దాలు లేవు. మోకాళ్ల దాకా బురద.

"అదేంటి మామ్మా, కాలవ తవ్వలేదా?"

మామ్మ సీట్లో కూర్చుని చీర కుచ్చిళ్లు పిండుకుంది. "గంగరాజు సిక్షణకెళ్లొచ్చాడమ్మా. ఆ కేంద్రంలో ఎవరో పెద్దాయన సెప్పాడంట, ఏ పనైనా దాని మూలాల్లోంచి మొదలెట్టాలని. ముందు మురుక్కాలవ మూలాలు తెలుసుకోవాలంట. మొట్టమొదటి కాలవ ఎక్కడో పాతకాలం ఊళ్లో తవ్వారంట. అది సూసి రాడానికి గంగరాజూ, మెంబర్లూ రైలెక్కారు."

బస్సులో నవ్వాగలేదు. మామ్మ నవ్వలేదు.

"నవ్వకండమ్మా. అప్పుడంటే సూపు లేదు, నా కళ్లని తిట్టుకున్నాను. ఇప్పుడు కళ్లున్నాయి. కత్తెర సుబ్బరంగా అవపడింది, సుబ్బరంగా గుద్దాను. బురద అలాగే ఉంది. ఈసారి దేన్ని తిట్టుకోను?"

ఏదో తేలిక చేద్దామని, "పోనీలే మామ్మా. గంగరాజుది కూడా నీ కొర్రమీను లాంటి హామీయే," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మామ్మకు కోపమొచ్చింది. "ఏటమ్మా అన్నావు? నేను పులుసెట్టానా లేదా?"

"పెట్టావు."

"మామిడి ముక్కలేశానా?"

"వేశావు."

"గారెలు?"

"నేనే నాలుగు తిన్నాను."

"మరి? ఇంట్లో సేపముక్క లేకపోయినా ఏడుగురికి మాటిచ్చి బస్సెడు మందికి పెట్టాను. ఊరు ఊరంతటికీ మాటిచ్చినోడు గజం కాలవ తవ్వలేడా?"

నూకరాజు అద్దంలోంచి వెనక్కి చూశాడు. "అయితే వచ్చేసారి నువ్వే నిలబడు మామ్మా," అన్నాడు.

"నోర్ముయ్యరా," అంది మామ్మ. కానీ గొంతులో మునుపటి కోపం లేదు.

వెనక సీట్లో పుల్లేశు చేతిలో ముక్కలు చూసుకుంటూనే, తలెత్తకుండా, రెండో చెయ్యి పైకెత్తాడు. మిగతా ఆరుగురూ ఎత్తారు. అక్కడ కూడలి లేదు, నేను ఓటింగు పెట్టలేదు, బస్సు పోతూనే ఉంది. ఆడవాళ్ల సీట్లలో ఒకావిడ ఒళ్లో పిల్లను సర్దుకుని చెయ్యెత్తింది. ఆమె పక్కావిడ ఎత్తింది. ఆ వరసంతా ఎత్తింది. నేనూ ఎత్తాను. మామ్మ వెనక్కి తిరిగి ఒక్కొక్క చేతినే చూస్తోంది. ఇప్పుడామెకు చూపు బాగుంది కదా.

నిలబడ్డవాళ్ల చేతులు ఎలాగూ పైనే ఉన్నాయి. ఆ రోజు నేను వాటిని కూడా లెక్కపెట్టాను.